క్లచ్ బిగిసిందా, బ్రేక్ దిగిపోతోందా? పాదానికి తెలిసే తేడాతో లోపం పట్టుకోవడం ఎలా

మాన్యువల్ గేర్ల కారు తీసుకెళ్ళి "క్లచ్ ఎందుకో తేడాగా ఉంది" అంటే చాలా గ్యారేజీల్లో వచ్చే జవాబు ఒకటే: "క్లచ్ సెట్ మార్చాలి సార్." క్లచ్ సెట్ అంటే క్లచ్ ప్లేటు, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ నొక్కితే ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగు, మూడూ కలిపి. వాటిని మార్చాలంటే గేర్‌బాక్స్ దించాల్సిందే, అందుకే సామాన్ల ఖర్చుకి కూలి కూడా గట్టిగానే తోడవుతుంది. తీరా చూస్తే లోపం నలిగిన కేబుల్‌లోనో, సిలిండర్‌లో చేరిన కాస్త గాలిలోనో, కాళ్ళ కింద పరిచిన మందపాటి మ్యాట్‌లోనో ఉండొచ్చు. గేర్‌బాక్స్ మీద చెయ్యి పడకముందే, బండి నిలిపి ఉంచి చేసుకునే పరీక్షలతో ఇందులో చాలా భాగం తేలిపోతుంది.

ముందుగా "తేడాగా ఉంది" అన్న మాటని విడగొట్టండి. పెడల్ బరువెక్కిందా, మెత్తబడిందా, కిందకి దిగిపోతోందా, వణుకుతోందా, తిరిగి పైకి రావట్లేదా? పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడా, అరగంట ట్రాఫిక్‌లో నలిగాకా? ఇంజిన్ ఆపి నొక్కినా అలాగే ఉందా? నొక్కడం మొదలుపెట్టగానే తెలుస్తోందా, సగంలోనా, చివర్లోనా? ఈ నాలుగింటికీ జవాబులు ఫోన్‌లో రాసుకుని వెళ్తే మెకానిక్ పని సగం తగ్గుతుంది. "ఏదో శబ్దం" అనేదానికీ, "న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే వస్తోంది, నొక్కితే పోతోంది" అనేదానికీ మధ్య ఒక గేర్‌బాక్స్ దించినంత తేడా ఉంది.

ఏదీ విప్పకముందు కింద మ్యాట్ చూడండి. కంపెనీ ఇచ్చిన మ్యాట్ తియ్యకుండా దాని మీదే 7డీ మ్యాట్ వేయించడం మనవాళ్ళకి బాగా అలవాటు. ఆ మందం వల్ల క్లచ్ పెడల్ చివరి వరకూ దిగదు, క్లచ్ పూర్తిగా విడిపోదు, రివర్స్ గేరు గరగరమంటుంది. డ్రైవర్ వైపు మ్యాట్లన్నీ తీసేసి, పెడల్ చేత్తో చివరిదాకా నొక్కి, గేర్లు మార్చి చూడండి. అంతా మామూలుగా ఉంటే వైద్యం అక్కడితో సరి. సీటు కింద దొర్లే నీళ్ళ సీసా కూడా ఇలాంటిదే, కాకపోతే అది బ్రేక్ పెడల్ కిందకి చేరితే ప్రాణం మీదకి వస్తుంది. డ్రైవర్ కాళ్ళ దగ్గర ఏదీ వదులుగా ఉండకూడదు.

కేబులా, ఆయిలా?

మీ బండిలో క్లచ్ ఏ రకమో తెలియకుండా ముందుకెళ్ళలేం. చిన్న మారుతి కార్లలో ఎక్కువగా కేబుల్ క్లచ్ ఉంటుంది: పెడల్ నుంచి ఇనుప తీగ నేరుగా గేర్‌బాక్స్ మీది లివర్‌ని లాగుతుంది. పెద్ద బండ్లలో, చాలా డీజిల్ బండ్లలో హైడ్రాలిక్ క్లచ్: పెడల్ ఒక మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, అది పంపిన ఆయిల్ గేర్‌బాక్స్ దగ్గరున్న స్లేవ్ సిలిండర్‌ని తోస్తుంది. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. దాని పక్క నుంచి సన్నటి రబ్బరు గొట్టం ఒకటి విడిగా డ్రైవర్ వైపు, ఇంజిన్‌కీ పెడళ్ళకీ మధ్యనున్న గోడలోకి వెళ్తుంటే అది హైడ్రాలిక్ క్లచ్. కొన్ని బండ్లలో క్లచ్‌కి వేరే చిన్న డబ్బా ఉంటుంది.

ఒకే డబ్బా వాడే బండ్లలో క్లచ్ గొట్టం బ్రేక్ గదుల కంటే పైన ఉంటుంది. క్లచ్ లైను కారి ఆయిల్ తగ్గినా బ్రేకులకి కొంత మిగిలేలా అలా పెట్టారు. అందువల్ల "క్లచ్ పోయింది కానీ బ్రేకులు బాగున్నాయి" అంటే ఆయిల్ కారట్లేదని కాదు, డబ్బాలో మట్టం చూడాల్సిందే.

క్లచ్ బరువెక్కితే

క్లచ్‌కి బ్రేక్‌లా బూస్టర్, అంటే ఇంజిన్ నడుస్తుండగా కాలి బలాన్ని పెంచే పరికరం, సాయం ఉండదు. కాబట్టి ఇంజిన్ ఆన్‌లో ఉన్నా ఆఫ్‌లో ఉన్నా ఆ బరువు ఒకేలా ఉండాలి. బరువు ఒక్కరోజులో పెరిగిందా, నెలల మీద పెరిగిందా అనేది మొదటి ఆధారం.

కేబుల్ బండిలో వారాల మీద బరువెక్కుతూ, నొక్కుతున్నప్పుడు కర్రుమంటూ, కొద్ది కొద్దిగా కుదుపుతో దిగుతుంటే కేబుల్‌నే అనుమానించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో, బయటే నిలిపే బండ్లలో తీగ లోపల తుప్పు పడుతుంది. టార్చి పట్టుకుని పెడల్ పై కొసన కేబుల్ తగిలించిన చోట చూడండి, ఆ తర్వాత బానెట్ ఎత్తి గేర్‌బాక్స్ దగ్గరి కొస చూడండి. పురి విడిపోయి ఒకటి రెండు పోగులు బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది తెగే కేబులే. నూనె పోసి రోజులు నెట్టుకురాకండి. చాలా కొత్త కేబుళ్ళలో లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము పట్టి ఇంకా బిగుస్తుంది. మార్చేటప్పుడు పాత కేబుల్ వెళ్ళిన దారినే కొత్తది వెళ్ళాలి. మరీ వంపు తిరిగినా, ఇంజిన్ వేడి గొట్టాలకి ఆనుకున్నా కొత్త కేబుల్ కూడా బరువుగానే ఉంటుంది.

కేబుల్ నున్నగా ఉందో లేదో తేల్చడానికి గేర్‌బాక్స్ వైపు కొస విప్పి పెడల్ నొక్కండి. అప్పుడూ బరువుగా ఉంటే లోపం కేబుల్‌లోనో, పెడల్ ఇరుసులోనో ఉంది. తేలిగ్గా ఉంటే లోపం అవతల, అంటే బేరింగుని తోసే రిలీజ్ ఫోర్కులోనో, బేరింగు జారే గొట్టం ఎండిపోవడంలోనో, ప్రెషర్ ప్లేటులోనో ఉన్నట్టు. ప్లేటు అరిగేకొద్దీ ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్ళ కోణం మారిపోయి నొక్కడం కష్టమవుతుంది. 60, 70 వేల కిలోమీటర్లు సిటీలో తిరిగిన బండిలో నెమ్మదిగా పెరిగిన బరువుకి తరచుగా ఇదే కారణం, అలాంటప్పుడు క్లచ్ సెట్ మార్చమనడంలో తప్పులేదు.

పెడల్ ఇరుసు దగ్గర కిర్రుమంటే బుష్ ఎండిపోయినట్టు. కొద్దిగా తెల్ల గ్రీజు రాస్తే పోతుంది.

పెడల్ ఖాళీగా దిగిపోతే

ఒక్కసారిగా బరువంతా పోయి పెడల్ నేలకి అంటుకుపోతే, కేబుల్ బండిలో కేబుల్ తెగింది. హైడ్రాలిక్ బండిలో ఆయిల్ కారిపోయి ఉండొచ్చు, సిలిండర్ లోపలి సీలు తిరగబడి ఉండొచ్చు.

హైడ్రాలిక్ క్లచ్‌లో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇంత నాటకీయంగా ఉండదు. పెడల్ మెత్తబడుతుంది, పొద్దున మొదటి గేరు పడదు, రెండు మూడుసార్లు గబగబా నొక్కితే పడుతుంది. ఇలా పంపు కొడితే బాగుపడే లక్షణం క్లచ్ ప్లేటుది కాదు. లైనులో గాలైనా ఉండాలి, ఆయిల్ ఎక్కడో తప్పించుకునైనా పోతుండాలి. మొదట డబ్బాలో మట్టం చూడండి. ఆ తర్వాత పెడల్ పైభాగాన, మాస్టర్ సిలిండర్ కడ్డీ గోడలోకి వెళ్ళే చోట వేలితో తడమండి. అక్కడ తడిగా, జిడ్డుగా ఉంటే మాస్టర్ సిలిండర్ కారుతోంది. స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్‌కి బయట ఉన్న బండ్లలో దాని రబ్బరు తొడుగు కొద్దిగా వెనక్కి లాగి చూడండి. లోపల ఆయిల్ నిలిచి ఉంటే స్లేవ్ పోయింది.

బయట ఎక్కడా తడి లేదు, మట్టమూ తగ్గలేదు, అయినా పెడల్ దిగుతోందంటే మరో పరీక్ష ఉంది. సమతలంగా ఉన్న ఖాళీ చోట ఇంజిన్ స్టార్ట్ చేసి, కుడి కాలు బ్రేక్ మీద గట్టిగా ఉంచి, క్లచ్ పూర్తిగా నొక్కి మొదటి గేరు వేయండి. క్లచ్ అలాగే కదపకుండా 30 సెకన్లు పట్టుకోండి. పాదం కదలకపోయినా బండి మెల్లగా ముందుకు లాగడం మొదలుపెడితే మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్ సీలు పక్క నుంచి వెనక్కి జారుతోంది. సిగ్నల్ దగ్గర గేర్లో ఉంచి క్లచ్ తొక్కి నిలబడేవాళ్ళకి ఈ లోపం ముందు వాహనాన్ని గుద్దేదాకా తెలియకపోవచ్చు.

కొన్ని బండ్లలో స్లేవ్ సిలిండర్ గేర్‌బాక్స్ లోపలే, బేరింగుతో కలిపి ఉంటుంది. అది కారితే గేర్‌బాక్స్, ఇంజిన్ కలిసే చోట కింద బ్రేక్ ఆయిల్ చుక్కలు కనబడతాయి. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్ దించక తప్పదు. దించాక ప్లేటు మందం కూడా చూసి, సగానికి మించి అరిగి ఉంటే సెట్ కూడా అప్పుడే మార్చడం మంచిది. అదే కూలి రెండోసారి ఇవ్వక్కర్లేదు.

గాలి తీయడం ఇద్దరు చేసుకునే పని. బ్రేక్ ఆయిల్ పావు లీటరు సీసా చాలు, సీలు తియ్యని కొత్తది కావాలి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందో డాట్ 4 అని ఉందో చూసి అదే తెచ్చుకోండి. స్లేవ్ సిలిండర్ మీద గాలి వదలడానికి ఉండే చిన్న మర, బ్లీడర్ నిప్పల్‌కి సరిపోయే రింగు స్పానరు, సన్నటి పారదర్శక గొట్టం, అడుగున కాస్త ఆయిల్ పోసిన సీసా కావాలి. గొట్టం ఒక కొస నిప్పల్‌కి తొడిగి రెండో కొస సీసాలోని ఆయిల్‌లో ముంచండి. లోపలివాళ్ళు పెడల్ మెల్లగా మూడు నాలుగుసార్లు నొక్కి కిందే పట్టుకోవాలి. మీరు నిప్పల్‌ని పావు చుట్టు వదులు చెయ్యండి. ఆయిల్‌తో పాటు బుడగలు వస్తాయి. నిప్పల్ బిగించాకే పెడల్ వదలమనాలి, వరస తప్పితే గాలి తిరిగి లోపలికే వెళ్తుంది. క్లచ్ పెడల్ ఈ పని జరుగుతుండగా దానంతటది పైకి రాకపోవచ్చు, అప్పుడు కాలి వేళ్ళతో ఎత్తాలి. బుడగలు ఆగేవరకూ ఇదే. మధ్యలో డబ్బాలో మట్టం కనిష్ఠ గీత కిందకి పోకుండా పోస్తూ ఉండండి, పోతే పని మొదటికొస్తుంది. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది. పడ్డ వెంటనే తుడిచి వదిలేయకుండా నీళ్ళు పోసి కడగండి. పవర్ స్టీరింగ్ ఆయిల్ గానీ ఇంజిన్ ఆయిల్ గానీ ఈ డబ్బాలో ఒక్క చెంచా పడినా రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బిపోతాయి, క్లచ్‌తో పాటు బ్రేకులూ పోతాయి.

దారిలో క్లచ్ పూర్తిగా పోతే బండిని ట్రాఫిక్ మధ్య నుంచి పక్కకి తీయడానికి ఒక ఉపాయం ఉంది. ఇంజిన్ ఆఫ్‌లో ఉండగా మొదటి గేరు వేసి తాళం తిప్పితే స్టార్టర్ మోటారే బండిని కుదుపుతో ముందుకు నడిపిస్తుంది, ఇంజిన్ అందుకుంటుంది. ముందు ఎవరూ, ఏదీ ఉండకూడదు, ఆపాలంటే బ్రేక్ వేసి ఇంజిన్ ఆపేయడమే. పది ఇరవై మీటర్లు జరపడానికే తప్ప ఇంటికి వెళ్ళడానికి కాదు.

పైకి వచ్చాక పట్టుకుంటుంటే

క్లచ్ వదులుతుండగా బండి కదలడం మొదలయ్యే చోటు పైకి జరిగితే "క్లచ్ ప్లేటు అయిపోయింది" అంటారు. ఇది సగం నిజం. కేబుల్ క్లచ్‌లో ప్లేటు అరిగేకొద్దీ పెడల్ పైభాగంలో ఉండే ఖాళీ ఆట, మెకానిక్‌లు ఫ్రీ ప్లే అనేది, తగ్గుతూ వస్తుంది. అది పూర్తిగా పోతే కాలు పెట్టకపోయినా క్లచ్ కొద్దిగా నొక్కినట్టే ఉండి, ప్లేటు జారుతూ ఇంకా వేగంగా అరుగుతుంది. కాబట్టి ముందు ఫ్రీ ప్లే కొలవండి. పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి, చేత్తో మెల్లగా నొక్కి, బరువు మొదలయ్యే వరకూ ఎంత దిగిందో చూడండి. చాలా కార్లకి ఇది 10 నుంచి 25 మి.మీ. మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఉన్నదే ఖాయమైన లెక్క. తక్కువుంటే గేర్‌బాక్స్ వైపు కేబుల్ కొసనున్న సర్దుబాటు నట్టు వదులు చెయ్యాలి, ఎక్కువుంటే బిగించాలి. ప్లేటులో ఇంకా మందం మిగిలి ఉంటే ఐదు నిమిషాల ఈ పని వేల కిలోమీటర్లు తెచ్చిపెడుతుంది. నట్టు చివరిదాకా తిప్పినా ఖాళీ రాకపోతే ప్లేటు నిజంగానే అయిపోయింది.

హైడ్రాలిక్ క్లచ్ తన అరుగుదలని తానే సర్దుకుంటుంది. అందువల్ల అందులో పట్టుకునే చోటు పెద్దగా మారకుండానే ప్లేటు అయిపోవచ్చు. దానికి జారుడు పరీక్షే చెయ్యాలి.

ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద 4వ గేర్లో 40 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఆర్‌పీఎం, వేగం కలిసి నెమ్మదిగా పెరగాలి. ముల్లు ఒక్కసారి వెయ్యి పైకి ఎగిరి వేగం అక్కడే ఉంటే క్లచ్ జారుతోంది. మాడు వాసన వస్తే సందేహమే అక్కర్లేదు. ఒకసారి చేస్తే చాలు, పదేపదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది. జారడానికి అరుగుదల ఒక్కటే కారణం కాదు: ఇంజిన్ వెనక క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) సీలు కానీ, క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్ళే ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు కానీ కారి ప్లేటు మీద ఆయిల్ పడినా జారుతుంది. సీలు మార్చకుండా కొత్త సెట్ వేస్తే కొన్ని నెలల్లో అదీ అంతే. గేర్‌బాక్స్ దించినప్పుడు ఆ రెండు సీళ్ళనీ, క్లచ్ ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం, అంటే ఫ్లైవీల్ ముఖాన్నీ మీ కళ్ళతో చూడండి. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, చిన్న చిన్న పగుళ్ళు ఉంటే టర్నింగ్ (లేత్ మీద చెక్కి నున్నగా చేయడం) చేయించాలో మార్చాలో అప్పుడే తేల్చుకోవాలి.

వణుకు, శబ్దం, గరగర

ఇంజిన్ ఆన్‌లో, న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, కిటికీ అద్దం దించి, ఏసీ ఆపి వినండి. క్లచ్ మీద కాలు లేనప్పుడు గరగర వినిపించి, పూర్తిగా నొక్కితే పోతే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు. క్లచ్ సెట్ మారిస్తే పోయేది కాదు. నొక్కినప్పుడే శబ్దం మొదలై, నొక్కేకొద్దీ పెరిగితే రిలీజ్ బేరింగు. కాలు ఊరికే ఆనిస్తేనే పోయే చిన్న కిచకిచ ఫోర్కు వదులుగా కదలడం వల్ల వస్తుంది, దానికి తొందర లేదు. ఈ మూడూ తెలిస్తే "బేరింగ్ సౌండ్" అన్న ఒక్క మాట మీద రెండు వేర్వేరు పనులకి డబ్బు కట్టే ప్రమాదం తప్పుతుంది. క్లచ్ పెడల్ మీద ఎడమ కాలు ఎప్పుడూ ఆనించి నడిపే అలవాటు రిలీజ్ బేరింగుని తినేస్తుంది.

ఐడిలింగ్‌లో క్లచ్ సగం నొక్కినప్పుడు పెడల్ ఇంజిన్ వేగంతో పాటు పాదాన్ని తడుతూ ఉంటే ప్రెషర్ ప్లేటు వేళ్ళు ఎగుడుదిగుడుగా అరిగి ఉంటాయి. ఇంజిన్ ఆపి, ఇంకొకరు క్లచ్ నొక్కి వదులుతుండగా ముందున్న క్రాంక్ పుల్లీని చూడండి. అది కంటికి తెలిసేంత ముందుకీ వెనక్కీ జరిగితే విషయం క్లచ్‌ది కాదు, క్రాంక్ అలా జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లది. అది ఇంజిన్ పని.

మొదటి గేర్లో బండి కదిలేటప్పుడు ఊగిపోతే ప్లేటు మీద ఆయిల్, ఫ్లైవీల్ మీద మచ్చలు, ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటు విరగడం, ఈ మూడూ కారణాలే. చవకైనది ముందు చూడాలి: బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ బిగించి, ఇంకొకరు క్లచ్ కొద్దిగా వదిలి పట్టుకునే సమయంలో ఇంజిన్ ఎంత ఊగుతోందో పక్క నుంచి చూడండి, ముందు నిలబడవద్దు. ఇంజిన్ అంగుళం పైన ఎగిరిపడుతుంటే మౌంటు రబ్బరు పోయింది.

గేర్లు గరగరమంటే ఇంజిన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఇంజిన్ ఆపితే నున్నగా పడుతూ, ఆన్‌లో ఏ గేరూ సరిగ్గా పడకపోతే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. ఒక్క 2వ గేరు దగ్గరో 3వ గేరు దగ్గరో మాత్రమే గరగరమంటే గేరు పడేముందు వేగాలు కలిపే దాని సింక్రోనైజర్ రింగు అరిగింది, క్లచ్ జోలికి వెళ్ళక్కర్లేదు. రివర్స్‌కి చాలా చిన్న కార్లలో సింక్రోనైజర్ ఉండదు. క్లచ్ నొక్కి ఐదు సెకన్లు ఆగి వేస్తే నిశ్శబ్దంగా పడాలి. ఐదు సెకన్లు ఆగినా గరగరమంటేనే అది లోపం.

వానాకాలంలో నీళ్ళలో నడిపి, తడి బండిని వారాల తరబడి నిలిపేస్తే ప్లేటు ఫ్లైవీల్‌కి తుప్పుతో అతుక్కుపోతుంది. పెడల్ బరువు మామూలుగానే ఉంటుంది, గేరు మాత్రం పడదు. ఇంజిన్ వేడెక్కించి ఆపి, పెద్ద ఖాళీ స్థలంలో 2వ గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచే స్టార్ట్ చెయ్యండి. బండి కదులుతుంది. క్లచ్ వదలకుండా యాక్సిలరేటర్ తొక్కుతూ వదులుతూ ఉంటే చాలాసార్లు టక్కున విడిపోతుంది. రెండు మూడు ప్రయత్నాల్లో రాకపోతే ఆపేయండి.

బ్రేక్ పెడల్: మూడు రకాల మెత్తదనం

క్లచ్‌తో ఆలస్యం చేసినా నడిచిపోతుంది గానీ బ్రేక్‌తో కాదు. బ్రేక్ పెడల్ మెత్తబడింది అనే మాట కింద మూడు వేర్వేరు లోపాలు దాక్కుని ఉంటాయి.

స్పాంజిని నొక్కినట్టు మొదటి నుంచి చివరిదాకా సాగుతూ ఉంటే లైనులో గాలి ఉంది, లేదా రబ్బరు గొట్టాలు ఉబ్బుతున్నాయి. ఇంకొకరు బ్రేక్ తొక్కుతుండగా చక్రాల దగ్గరి గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే ఉబ్బు తెలుస్తుంది. కిందికి చాలా దూరం దిగి, అక్కడ గట్టిగా ఆగితే చాలా వరకు వెనక డ్రమ్ముల్లో షూలు దూరమయ్యాయి. హ్యాండ్ బ్రేక్ మూడు నాలుగు పళ్ళు లాగి మళ్ళీ బ్రేక్ తొక్కి చూడండి. పెడల్ పైనే ఆగితే వెనక షూల సర్దుబాటే కావాలి, గాలి తియ్యక్కర్లేదు. మూడోది అన్నిటికంటే ప్రమాదం: గట్టిగానే అనిపించి, కాలు అలాగే ఉంచితే నెమ్మదిగా నేలకి దిగిపోవడం. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఒకే ఒత్తిడితో 30 సెకన్లు పట్టుకోండి. దిగుతూనే ఉంటే ఎక్కడైనా కారుతోందేమో నాలుగు చక్రాల లోపలి వైపు చూడండి. తడి ఏమీ లేకపోతే మాస్టర్ సిలిండర్ పోయింది. ఈ బండిని గ్యారేజీకి నడుపుకుంటూ వెళ్ళకండి, టోయింగ్ పిలవండి.

హ్యాండ్ బ్రేక్ దించినా ఎర్ర బ్రేక్ దీపం వెలుగుతుంటే బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గి ఉండొచ్చు. వెంటనే ఆయిల్ పోసి దీపం ఆర్పడం సమాధానం కాదు. ప్యాడ్లు అరిగితే మట్టం మెల్లగా తగ్గడం సహజం, కాబట్టి ముందు ప్యాడ్ల మందం, ఆ తర్వాత కారుడు చూడాలి.

పెడల్ రాయిలా గట్టిపడి, బండి ఆగట్లేదంటే బూస్టర్‌ని పరీక్షించాలి. ఇంజిన్ ఆపి బ్రేక్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అలాగే తొక్కి పట్టుకుని ఇంజిన్ స్టార్ట్ చెయ్యండి. పెడల్ కాలి కింద కొద్దిగా దిగాలి. దిగకపోతే బూస్టర్, దానికి వెళ్ళే వాక్యూమ్ గొట్టం, ఆ గొట్టంలోని వన్ వే వాల్వ్ చూడాలి. డీజిల్ బండ్లలో వాక్యూమ్ కోసం వేరే పంపు ఉంటుంది, అది పోయినా ఇదే లక్షణం. తొక్కినప్పుడు పెడల్ దగ్గర ఆగకుండా బుస్సుమంటుంటే బూస్టర్ డయాఫ్రమ్ చిరిగింది.

వేగంగా వెళ్తూ బ్రేక్ వేస్తే పెడల్ పాదాన్ని పైకి తోస్తూ దించుతూ ఉంటే డిస్కు మందంలో తేడా వచ్చింది. స్టీరింగ్ కూడా ఊగితే ముందు డిస్కులు. ఖాళీ రోడ్డు మీద 30 కి.మీ. వేగంలో, హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి ఉంచి మెల్లగా లాగితే అదే వణుకు వస్తే వెనక డ్రమ్ములు. డిస్కు మందాన్ని మైక్రోమీటరుతో చుట్టూ ఆరు నుంచి ఎనిమిది చోట్ల కొలవాలి. 0.02 మి.మీ. తేడా దగ్గర నుంచే పాదానికి తెలియడం మొదలవుతుంది, కంటితో చూసి "బాగానే ఉంది" అనడం కుదరదు. డిస్కు మీద పోతపోసి ఉండే కనిష్ఠ మందం కంటే తక్కువకి టర్నింగ్ చేయించకూడదు. పంక్చర్ షాపులో గాలి గన్నుతో చక్రం నట్లు ఇష్టమొచ్చినట్టు బిగించడం కూడా డిస్కు వంకర తిరగడానికి ఒక కారణం. నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచితో, మాన్యువల్ లెక్క ప్రకారం బిగించమనండి.

తడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు పెడల్ టకటకమని కొట్టుకోవడం ఏబీఎస్, అంటే చక్రాలు బిగిసి జారకుండా చూసే ఏర్పాటు, చేసే పని. భయపడి కాలు తీయకండి, ఇంకా గట్టిగా తొక్కి ఉంచండి. కానీ పొడి రోడ్డు మీద, మామూలుగా ఆగబోతుండగా, చివరి నడక వేగంలో అదే టకటక వస్తే చక్రం దగ్గరి సెన్సర్‌కి ఇనుప రజను పట్టిందో, దాని పళ్ళ రింగు చిట్లిందో చూడాలి.

ఘాట్ రోడ్ల మీద

తిరుమల నుంచి దిగేటప్పుడు, శ్రీశైలం, అనంతగిరి, మారేడుమిల్లి ఘాట్లలో పెడల్ ఇచ్చే సంకేతాలు రెండు రకాలు. పెడల్ గట్టిగానే ఉంది, వాసన వస్తోంది, బండి మాత్రం ఆగట్లేదంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు కోల్పోయాయి. పెడల్ ఒక్కసారిగా మెత్తబడి లోతుకు దిగిపోతే లోపలి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైంది. రెండోదే భయంకరం, దాని వెనక పాత ఆయిల్ ఉంటుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం, 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అందుకే బండి తక్కువ తిరిగినా రెండేళ్ళకోసారి ఆయిల్ మార్చాలి.

దిగేటప్పుడు 2వ గేర్లో ఉండండి, నిటారు మలుపుల్లో 1వ గేరు. పెట్రోలు ఆదా అని న్యూట్రల్ వేయడం, ఇంజిన్ ఆపడం ఎప్పుడూ చేయకండి. ఇంజిన్ ఆపితే బూస్టర్‌లో రెండు మూడు తొక్కుళ్ళకి సరిపడా సాయమే మిగులుతుంది. పెడల్ మెత్తబడితే గబగబా పంపు కొడుతూ, గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేక్ అంచెలుగా లాగుతూ పక్కకి ఆపండి. చక్రాలకి రాళ్ళు పెట్టి కనీసం అరగంట చల్లారనివ్వండి, కాలిన డిస్కుల మీద నీళ్ళు పోయకండి. చల్లారాక పెడల్ మళ్ళీ గట్టిపడుతుంది. అయినా ఊరు చేరగానే ఆయిల్ మార్పించాల్సిందే.

యాక్సిలరేటర్

పాత బండ్లలో యాక్సిలరేటర్‌కీ కేబులే, పెడల్ బిగిస్తే క్లచ్ కేబుల్‌కి చెప్పిన పరీక్షలే చెయ్యండి. మొదట్లో అతుక్కుని, ఆ తర్వాత ఒక్కసారి వదిలి బండి ఎగిరితే ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంది, క్లీనర్‌తో శుభ్రం చేయిస్తే పోతుంది. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ పెడల్ బండ్లలో తొక్కినా స్పందన లేకపోతే, చెక్ ఇంజిన్ దీపం వెలిగితే, స్కానర్ పెట్టి పెడల్ సెన్సర్ కోడ్లు చదివించాలి.

తొక్కిన పెడల్ పైకి రాకుండా ఇరుక్కుపోతే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లోకి తీసేయండి. ఇంజిన్ ఎంత అరిచినా పట్టించుకోకుండా, పంపు కొట్టకుండా ఒకే తొక్కుడుతో గట్టిగా బ్రేక్ వేసి పక్కకి ఆపండి. బండి పూర్తిగా ఆగాకే తాళం తిప్పండి, కదులుతుండగా తిప్పితే స్టీరింగ్ లాక్ పడొచ్చు. ఆ తర్వాత మొదట చూడాల్సింది మ్యాట్ అంచు పెడల్ మీదకి ఎక్కిందా అని.